సెలవు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
సెలవులోన నుంటిఁ జెప్పితి ముందుగా
మెయిలు చూడలేను, మీరు గాని
ఫోను చేయ నెత్తి, పొద్దైన రాత్రైన
కాలు జేరి చూతుఁ గష్టమేమొ!

అవతారిక: కవి మైత్రీవనం పక్క సందులో జావా నేర్చి, హైటెక్ సిటీలో డెలివరీ హెడ్డై, పంజాగుట్టలో కాపురమున్నవాడు. రాయదుర్గంలో నీలం లైను ఎక్కి, అమీర్‌పేటలో దిగి, ఎర్ర లైను కోసం అంతస్తు మారుతూ ఎస్కలేటరు మీద బొటనవేలితో ఈ పద్యం చెప్పాడు. మిగిలింది ఒక్క స్టేషనే కనుక ఆటవెలది. సీసానికి వ్యవధి లేదు.

ప్రతిపదార్థం: సెలవులోనన్ ఉంటిన్ = హెచ్.ఆర్. లెక్కలో సెలవులో ఉన్నాను; మెయిలు చూడలేను = చూస్తాను, జవాబివ్వను; మీరు గాని ఫోను చేయన్ = చేయకపోతారా అన్న ఆశతో; ఎత్తి = మొదటి రింగుకే; పొద్దైన రాత్రైన = కాలిఫోర్నియాలో ఉదయం 9 అంటే మనకు ఎండాకాలం రాత్రి 9:30, చలికాలం 10:30 గనుక, ముఖ్యంగా రాత్రి; కాలు = కాన్ఫరెన్సు కాలు, నడిచేది కాదు; కష్టమేమొ = కింది వాళ్ళు అప్పటికే సరిచేసిన కష్టం.

తాత్పర్యం: నేను సెలవులో లేను.

విశేషాలు: అలంకారం విరోధాభాసమని కొందరన్నారు. ఆభాసమెక్కడిది? అచ్చమైన విరోధమే.

శంక: అమీర్‌పేట ప్రకృతి చికిత్సాలయంలో కళ్ళకు తడిమట్టి పట్టీ వేయించుకుంటే ఫోను కనపడదు కదా? సమాధానం: కనపడదు, చెవిలో బడ్ ఉంది.

శంక: చట్టం తెస్తే? సమాధానం: ఫ్రాన్సులో తెచ్చారు. 50 మందీ ఆపైనా ఉన్న సంస్థలు పనివేళ దాటాక ఫోను వదిలేసే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించాలని 2017 నుంచి నియమం. ఇక్కడ 2018లో సుప్రియా సూలే లోక్‌సభలో అలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు; మన పార్లమెంటులో ప్రైవేటు బిల్లు చట్టమైంది ఆఖరుసారి 1970లో. వచ్చినా మన కవికేం లాభం? రాత్రి పదింటికి తన టీమును లేపేది తనే.

ఇక దోషం. ఆలంకారికులు చెప్పిన న్యూనపదం ఇక్కడ స్పష్టం: ఉండవలసిన మాట ఒకటి లేదు. సెలవు చీటీలో “నా బదులు ఫలానావారు చూస్తారు” అన్న పేరు ఉండాలి. ఆ పేరుకు సర్వర్ తాళాలు, బిల్లు మీద సంతకం పెట్టే అధికారం వారం ముందే అప్పగించి ఉండాలి. అప్పుడు మూడో పాదం దానంతటదే రాలిపోతుంది. గణభంగమైనా సరే, ఒక పేరూ ఒక నంబరూ ఇరికించమని కవికి కబురు పెట్టాను.

“ఆ పిల్లాడికి ఇంకా అంత అనుభవం లేదండీ” అన్నాడు కవి. కాస్త ఆగి, “ఒకవేళ వాడు బాగా చేసేస్తే?” అన్నాడు.