సగం చూడకుండా రండి

పారిస్ వెళ్ళి మోనాలిసాను చూడకుండా రండి. లండన్ వెళ్ళినా రోసెట్టా రాయి దగ్గర ఆగకండి. ఆంకోర్‌వాట్‌లో సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున లేవకండి. లక్షలు పోసి, వీసా కాగితాల కోసం నెల రోజులు తిరిగి, తీరా వెళ్ళాక చూడొద్దంటారేంటని మీకు కోపం రావచ్చు. మా ఇంట్లోవాళ్ళకీ వచ్చింది. అయినా ఊళ్ళకు బయల్దేరుతూ సలహా అడిగినవాళ్ళందరికీ నేను చెప్పేది ఇదే.

లూవ్ర్ మ్యూజియానికి మేం మొదటిసారి వెళ్ళింది ప్యాకేజీ టూరులో. అంత పెద్ద మ్యూజియానికి వాళ్ళు ఇచ్చింది గంటన్నర. చిన్న జెండా ఎత్తి పట్టుకున్న మనిషి వెనక పరుగులాంటి నడక. మోనాలిసా ఉన్న హాల్లో అడుగు పెట్టేసరికి తిరునాళ్ళలా జనం. ఆ బొమ్మేమో 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. దాని ముందు అద్దం, అద్దం ముందు అడ్డు, అడ్డు ముందు పైకెత్తిన ఫోన్లు. నా ముందున్నాయన ఫోను తెరలో కనిపించిందే నాకు దక్కిన మోనాలిసా. విసుగొచ్చి వెనక్కి తిరిగాను.

గోడ నిండా పెళ్ళి!

ఇటలీ చిత్రకారుడు వెరొనీసే 1563లో పూర్తి చేసిన ‘కానాలో పెళ్ళి’ అది. వెడల్పు దాదాపు పది మీటర్లు, ఎత్తు ఏడు మీటర్లకు కాస్త తక్కువ. లూవ్ర్‌లో ఉన్న చిత్రాలన్నిటిలోకీ పెద్దది. విందులో ద్రాక్షారసం అయిపోతే ఏసు నీళ్ళను ద్రాక్షారసంగా మార్చిన కథ. మధ్యలో ఏసు కూర్చుని ఉన్నాడు, కానీ చుట్టూ ఉన్నవాళ్ళలో ఆయన వైపు చూసేవాళ్ళు తక్కువ. పైన మేడ మీద మాంసం కోస్తున్నారు. కింద వాద్యాలవాళ్ళు వాయిస్తున్నారు. కుడివైపు పసుపు పట్టుబట్టల మనిషి పెద్ద జాడీ వంచి పోస్తున్నాడు, ఆ పక్కనే ఒక పిల్లి మరో జాడీని గోకుతోంది. మన పెళ్ళిళ్ళలో మూడో బంతికి సాంబారు అడుగంటినప్పుడు వడ్డించేవాళ్ళ మొహాల్లో కనిపించే కంగారే అక్కడ కొందరి మొహాల్లో ఉంది. వెనిస్‌లో ఒక మఠం భోజనశాల కోసం గీసిన బొమ్మ ఇది. సన్యాసులు దీని ఎదుట కూర్చుని రెండు వందల ఏళ్ళకు పైగా అన్నం తిన్నారు. 1797లో నెపోలియన్ సైన్యం పట్టుకొచ్చింది. ఇంత బొమ్మకు ఎదురుగా నిలబడ్డది నేనూ, ఒక ముసలాయనా. మిగతా హాలంతా దానికి వీపు పెట్టి నిలబడింది.

కాబట్టి ఏ హాల్లోకి వెళ్ళినా ముందు జనం ఎటు చూస్తున్నారో గమనించండి. తర్వాత అటు తిరగకండి. చాలాసార్లు పనికొచ్చిన చిట్కా ఇది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఉంది కదా. పన్నెండు గంటలకు పన్నెండు దెబ్బలు పడతాయని జనమంతా ముందే వెళ్ళి దాని ఎదుట కూర్చుంటారు. మీరు ఆ పావుగంటలో మేలిముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్ళండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడు, మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నాడు. ఎదుట నుంచి అందరూ చూస్తారు, మీరు పక్కకు వెళ్ళి చూడండి. ముసుగూ ముఖమూ ఒకే పాలరాయి. తడి బట్ట ముక్కుకు అతుక్కున్నట్టు ఎలా చెక్కాడో పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది.

ఆంకోర్‌వాట్ సంగతి చిన్నది. ఆ గుడిది పడమటి ముఖం. పొద్దున సూర్యుడు గుడి వెనక నుంచి లేస్తాడు కాబట్టి మీకు కనిపించేది నల్లటి ఆకారమే. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే వెలుగు గుడి ముఖం మీద పడుతుంది. హాయిగా నిద్రపోండి.

ఏథెన్సులో మాత్రం లేనిదాన్ని చూడమంటాను. అక్రోపొలిస్ మ్యూజియంలో గుడి కప్పును తలల మీద మోసిన రాతి స్త్రీలు అయిదుగురున్నారు. నిజానికి ఆరుగురు. ఆరో ఆవిడ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు మనుషులు తీసుకెళ్ళారు. ఏథెన్సు వాళ్ళు ఆమె చోటును ఖాళీగా ఉంచారు. గైడు ఆ అయిదుగురి జడలల్లికల గురించి చెబుతుంటే మీరు ఆ ఖాళీ దగ్గర నిలబడండి. పై అంతస్తులో పార్థెనాన్ శిల్పాల వరసలోనూ ఇంతే. తేనెరంగు రాళ్ళ మధ్య తెల్లటి సున్నపు ముక్కలు కనిపిస్తాయి. తెల్లగా ఉన్నవన్నీ వేరే చోట ఉన్నవాటి నకళ్ళే. ఏది ఎవరి దగ్గరుందో రంగు చూసి చెప్పొచ్చు.

ఇక లండన్. బ్రిటిష్ మ్యూజియం గుమ్మంలో టిక్కెట్టు లేదు. టిక్కెట్టు డబ్బులు రాబట్టుకోవాలన్న లెక్క ఇక్కడ అక్కర్లేదు కాబట్టి ఒక్క గది చూసి వచ్చేయండి. 33ఎ నంబరు గది.

అక్కడికి మా అమ్మను తీసుకెళ్ళాను. మాది గుంటూరు దగ్గర పల్లె. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు రాదు, మ్యూజియాలంటే ఆసక్తీ లేదు. గాజు అవతల ఉన్న రాతిపలకల ముందు ఊరికే కాసేపు నిలబడి, వంగి, “ఏమే, ఇది మన నాపరాయిలా ఉందేంటి?” అంది. అమరావతి స్తూపం పలకలవి. పల్నాటి సున్నపురాయి, మన వసారాల్లో పరిచే నాపరాళ్ళకు దగ్గరి చుట్టమే. తర్వాత ఒక స్త్రీ కాళ్ళ వైపు చూపించింది. “ఆ కడియాలు చూడు, మా నాయనమ్మకు ఇంతేసి లావువి ఉండేవి. రాత్రి పూట విప్పేది కాదు.” ముప్పావుగంట ఆ గదిలోంచి కదల్లేదు. కళాచరిత్ర చదువుకున్నవాళ్ళు చెప్పని సంగతి ఆవిడ చెప్పింది. అందుకే అంటాను, మ్యూజియానికి ఏమీ తెలియని పెద్దవాళ్ళను వెంటబెట్టుకెళ్ళండి, వాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి.

ఆ గది పలకల్లో ఒకటి రెండు ముఖాలా చెక్కింది. ఒక వైపు చెట్టు కింద బుద్ధుడికి గుర్తుగా ఖాళీ ఆసనం, దానికి దణ్ణం పెడుతున్న భక్తులు. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత మరో శిల్పి అదే రాతి వెనక వైపు స్తూపం చెక్కాడు. దేన్ని చూసినా వెనక వైపు ఏముందో అడగండి.

“ఇవి ఇక్కడికెలా వచ్చాయే?” అని అమ్మ అడిగింది. వివరాల చీటీలో అందరూ వదిలేసే చిట్టచివరి నంబరు చదవండి, జవాబు అక్కడ మొదలవుతుంది. ఈ పలకల నంబరు 1880తో మొదలవుతుంది, అవి ఆ మ్యూజియంలో చేరిన ఏడాది అది. అంతకు ముందు కథ చాలా ఉంది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్నం కట్టించిన రోజుల్లో స్తూపం దిబ్బలోని రాళ్ళు కట్టడాలకు పోయాయి. కొన్ని సున్నపు బట్టీల్లో కాలాయి. 1816లో సర్వే అధికారి మెకంజీ మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపితే అక్కడ ఎండావానల్లో పడి ఉన్నాయి. 1859లో లండన్ ఓడెక్కాయి. నేను చెబుతుంటే అమ్మ విని, “సున్నం చేశారా!” అంది, అంతే. ఆ పూట ఇంకేమీ చూడలేదు. రోసెట్టా రాయి మీదుగానే బయటికొచ్చాం.

చివరి సలహా కూడా తిరకాసుదే. లండన్ టిక్కెట్టు కొనకముందు గుంటూరులో అమరావతి బస్సెక్కండి, 35 కిలోమీటర్లు. అక్కడ మిగిలింది ఒక దిబ్బ, కొన్ని నిలువు రాళ్ళు, పక్కన చిన్న మ్యూజియం. ముందు ఆ దిబ్బ చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో తెరిచే ఉంటుంది.