అందరినీ అడిగాకే నేను పడాలి

నేను సంఘ ముద్రను. గుండ్రటి ఇత్తడి బిళ్ల, దానికో చెక్క పిడి. మదనపల్లె వైపు ఒక సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడిలో, కాపరి అయ్యగారి బల్ల సొరుగులో, ఇంకుప్యాడు పక్కన ఉంటాను. బాప్తిస్మ పత్రం, సభ్యత్వ బదిలీ ఉత్తరం, పెళ్లికి అభ్యంతరం లేదని ఇచ్చే లేఖ... సంఘం పేరున బయటికి వెళ్లే కాగితం ఏదైనా సరే, సంతకం పక్కన నేను పడితేనే అవతలి ఊరి వాళ్లు దాన్ని నమ్ముతారు.

నేను పడటానికి రెప్పపాటు చాలు. పడే ముందు జరగాల్సిన పనికే రోజులు పడతాయి. ఎవరిని అడిగారు, ఏమడిగారు, ఎవరి మాట విన్నారు అన్నదాని మీదే నా విలువ ఆధారపడి ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో సొరుగు తెరిచి మూసే చప్పుడు వింటూ నేను నేర్చుకున్నది ఇదే. పెద్దల ఆమోదం పెళ్లి చేసుకునే పిల్లలకు కాపుదల కావాలి. పెద్దల చేతి కర్ర కాకూడదు.

పెద్దలు కలిసి కూర్చుని తేల్చే ఈ పద్ధతి మా ప్రాంతానికి కొత్తదేం కాదు. అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చికి చెందిన స్కడర్ కుటుంబం వాళ్లు 1853లో ఆర్కాటు మిషన్ ఏర్పాటు చేశారు. 1863లో జేకబ్ చాంబర్లేన్ దొర మదనపల్లెలో కాపురం పెట్టి పని మొదలుపెట్టారు. ఆ రిఫార్మ్డ్ సంప్రదాయంలో బిషప్పు ఉండడు. సంఘం ఎన్నుకున్న పెద్దలు కాపరితో కలిసి కూర్చుని సభ్యత్వం, క్రమశిక్షణ విషయాలు తేలుస్తారు. 1908లో ఆ సంఘాలు దక్షిణ భారత ఐక్య సంఘంలో కలిశాయి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో సీఎస్‌ఐ ఏర్పడినప్పుడు ఆంగ్లికన్ల బిషప్పు, రిఫార్మ్డ్ వాళ్ల పెద్దలు ఒకే గూటికి చేరారు. ఇవాళ మా బల్ల చుట్టూ పాస్టరేట్ కమిటీ కూర్చుంటుంది. కమిటీ తేల్చలేనిది కడపలోని రాయలసీమ డయోసిస్ ఆఫీసుకు వెళుతుంది.

పెళ్లి, సభ్యత్వం ముడిపడిన చిక్కు చాంబర్లేన్ దొర కాలంలోనే వచ్చింది. ఇద్దరు భార్యలున్న మనిషి బాప్తిస్మం అడిగితే ఏం చేయాలి? ఒకరిని వదిలేసి రమ్మనాలని చాలామంది మిషనరీల పట్టు. వదిలేస్తే ఆ ఆడమనిషి గతేమిటి, ఆమె పిల్లల గతేమిటి? క్రీస్తును ఎరగని రోజుల్లో కట్టుకున్న భార్యను వీధిన పడేయమని బలవంతం చేయకూడదని ఆయన వాదించారు, దాని మీద రాశారు కూడా. తెలుగు బైబిల్ సవరణ సంఘానికి అధ్యక్షత వహించిన పండితుడు ఆయన. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. నియమం రాసేటప్పుడు దాని కింద నలిగే మనిషిని ముందు చూడమన్నదే ఆ వాదన సారం. మా కమిటీ కూర్చున్న ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది.

సంఘం నియమం పక్కనే సర్కారు చట్టమూ ఉంది. భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది. ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని గుడిలో అందరికీ కనబడే చోట అంటించాలి. పెళ్లి ఉదయం 6 గంటల నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. కాపరి కాక ఇద్దరు సాక్షులు ఉండాలి, రిజిస్టరులో సంతకాలు పడాలి. చట్టం పుట్టినప్పుడు దేశీయ క్రైస్తవుల పెళ్లికి మగపిల్లవాడికి 16, ఆడపిల్లకు 13 దాటితే చాలన్నారు. ఇప్పుడు 21, 18 నిండాలి. అందుకే మా అయ్యగారు మొదట చూసేది పదో తరగతి సర్టిఫికెట్టు. దీనికి తోడు మా సంఘ ఆచారం ప్రకారం మూడు ఆదివారాలు ఆరాధనలో పెళ్లి ప్రకటన చదువుతారు. న్యాయమైన అడ్డంకి తెలిసినవాళ్లు చెప్పడానికి అది గడువు.

ఒక పెళ్లి సంగతి చెబుతాను. అమ్మాయిది మా సంఘమే, పుంగనూరులో టీచరు. అబ్బాయిది కుప్పం. వాళ్ల తాత కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) పనిచేశాడు. 2001లో గనులు మూతపడ్డాక కుటుంబం కుప్పం చేరింది. అక్కడ ఇంటికి దగ్గరలో ఉన్న ప్రార్థన మందిరానికి పోవడం అలవాటైంది. చంటిపిల్లవాడుగా కేజీఎఫ్ గుడిలో బాప్తిస్మం పొందిన అబ్బాయికి, పెద్దయ్యాక ఆ మందిరం వాళ్లు నీటిలో ముంచి మళ్లీ ఇచ్చారు. పాత సంఘం నుంచి బదిలీ ఉత్తరం ఎవరూ తెచ్చుకోలేదు. కాగితం మీద అతను ఎవరి సభ్యుడో ఎవరికీ తెలియదు.

అమ్మాయి నాన్న ఒక్కడే వచ్చాడు. "అయ్యగారూ, మండపం దొరికింది, అడ్వాన్సు కూడా ఇచ్చేసినాం. రేపటికి లేఖ ఇచ్చేస్తే ప్రెస్సుకు పోతాను" అన్నాడు. అయ్యగారు సొరుగు మీద చేయి పెట్టి కూడా తెరవలేదు. "ఇస్తాను లేన్నా. ముందు పాపను పంపించు."

అమ్మాయి వచ్చింది. అయ్యగారు పక్క గదిలోకి వెళ్లి, తన భార్య అమ్మగారిని ఆ పిల్ల దగ్గర కూర్చోబెట్టారు. తలుపు ఓరగా వేసి ఉంది. నేను సొరుగులోంచే అంతా విన్నాను.

"నీకు ఇష్టమేనా పాపా? మీ నాయనకు భయపడి చెప్పద్దు."

"అబ్బాయి ఇష్టమే అమ్మగారూ."

"మరి ఏడుస్తా ఉండావే?"

చాలాసేపటికి గొంతు పెగిలింది. పెళ్లయిన వారంలోపు తనూ వాళ్ల మందిరంలో నీళ్లలో దిగి బాప్తిస్మం తీసుకోవాలని అత్తగారు ఫోనులో చెప్పిందట. ఇక్కడ పొందింది లెక్కలోకి రాదట. ఆ మాట ఇంట్లో చెబితే సంబంధం చెడిపోతుందని ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుంది. ఆ గదిలో ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే, పెళ్లిపీట మీద నవ్వుతూ కూర్చుని, తర్వాత ఒంటరిగా ఆ ఇంట్లో తేల్చుకోవాల్సి వచ్చేది.

శిశు బాప్తిస్మం చెల్లుతుందని, బాప్తిస్మం ఒక్కసారేనని సీఎస్‌ఐ విశ్వాసం. విశ్వసించి స్వయంగా కోరుకున్న వాళ్లకే ఇవ్వాలని కుప్పం మందిరం వాళ్ల విశ్వాసం. రెండు వైపులా లేఖనాలు చూపేవాళ్లే. ఆంధ్ర క్రైస్తవుల్లో ఈ తేడా ఇవాళ్టిది కాదు. ఒంగోలు దగ్గర బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి ముంచి బాప్తిస్మమిచ్చారు. ఆ సంప్రదాయపు ఇళ్ల నుంచి, గుంటూరు వైపు లూథరన్ ఇళ్ల నుంచి పిల్లలు మా ప్రాంతానికి వస్తూనే ఉన్నారు. 1915లో మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టింది రకరకాల మిషన్లు కలిసే. అలాంటి చోట నర్సు పనికో మరో పనికో వచ్చినవాళ్లు తమ సంఘం ఉత్తరం తెచ్చి ఇక్కడి గుడిలో చేరతారు. కొత్త ఊళ్లో 'వీళ్లు మా వాళ్లే' అని చెప్పే కాగితం అది. దాని మీద పడ్డప్పుడు నాకు ఎంత తృప్తిగా ఉంటుందో!

కమిటీ కూర్చుంది. ఒకాయన "ఆ అబ్బాయి మన సభ్యుడు కాదు, లేఖ ఇవ్వద్దు" అన్నాడు. ఇంకొకాయన "రెండోసారి బాప్తిస్మం తీసుకున్నోడికి మన గుడిలో పెళ్లా?" అన్నాడు. సంఘంలో బామ్మ వయసు పెద్దావిడ, కమిటీ సభ్యురాలు, అందరూ అయ్యాక నోరు విప్పింది. "అబ్బోణ్ణి పిలిపించండి నాయనా. లేనోడి గురించి మాట్లాడేది ఏం న్యాయం?"

అబ్బాయి వచ్చాడు. ముందు అతన్ని కేజీఎఫ్ వెళ్లి బాప్తిస్మ పత్రం తెచ్చుకోమన్నారు. కుప్పంలో రైలెక్కి, బంగారపేటలో మారి, మారికుప్పం దారిలో వెళ్లాడు. పాత రిజిస్టరులో అతని పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు తమిళంలో ఉన్నాయట. ఆ నకలు బల్ల మీద పెడుతూ, "మా తాత సంతకం కూడా ఉంది అయ్యగారూ, నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. అయ్యగారు కుప్పం మందిరం పాస్టరుగారికి ఫోను చేసి పిలిపించారు. ఆయన వచ్చారు, టీ తాగారు, గట్టిగానే వాదించుకున్నారు. చివరికి ఇద్దరు కాపరుల ముందూ, అత్తమామల ముందూ ఒక మాట ఖరారైంది: అమ్మాయి బాప్తిస్మం గురించి ఎవరూ ఆమెను ఒత్తిడి చేయరు, ఏ గుడికి వెళ్లాలన్నది ఆ ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకుంటారు. మినిట్స్ పుస్తకంలో ఆ మాట రాసి అందరూ సంతకాలు పెట్టారు. ప్రకటన మూడు ఆదివారాలు చదివారు. అప్పుడు తీశారు నన్ను. ఆ కాగితం మీద అంచులతో సహా స్పష్టంగా పడ్డాను.

అన్నిచోట్లా ఇలా జరగదు. పేరు చెప్పను గానీ, ఒక సంఘంలో చందా బాకీ ఉందని కూలి మనిషి కూతురి లేఖ ఆపారు. పెళ్లి కార్డులు పంచాక ఆ తండ్రి వడ్డీకి తెచ్చి కట్టాడు. ఇంకోచోట అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ అదే సంఘం సభ్యులు, ఒకే ప్రభువు బల్లలో పాలుపొందేవాళ్లు. ఒకరివి మాల మూలాలు, ఒకరివి మాదిగ మూలాలు. కాదని ఎవరూ అనలేదు. 'విచారిస్తున్నాం' అంటూ నెలలు సాగదీశారు. చివరికి వాళ్లు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, ముప్పై రోజులు ఆగి, రిజిస్ట్రారు ముందు పెళ్లి చేసుకున్నారు. సర్కారు ఆఫీసు వాళ్లకు గడువు చెప్పింది. సంఘం అది కూడా చెప్పలేదు. నాలాంటి ముద్రలకు ఇంతకన్నా అవమానం లేదు.

సభ్యత్వ పట్టికలో పేరు రాయించుకోవడానికే జంకే పిల్లలు ఇప్పుడు చాలామంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే వర్తించేది. తర్వాత సిక్కులను, బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవుడైన దళితుడికి మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక శాతం వాటాయే దిక్కు. అంటరానితనం మాత్రం గుడి మారినా వెంటే వచ్చింది. ఉద్యోగం పోతుందన్న భయంతో ఒక పిల్ల "గుళ్లో పెళ్లి కావాలి అయ్యగారూ, రిజిస్టరులో మాత్రం వద్దు" అంది. అబద్ధం రాయడానికి అయ్యగారు ఒప్పుకోలేదు. ఆమెను కసురుకోనూ లేదు, ఆ మాట గుడి మెట్లు దాటనివ్వనూ లేదు. చట్టం ఏం చెబుతుందో దాచకుండా చెప్పి, నిర్ణయానికి ఆమెకు సమయమిచ్చారు. ఈ అన్యాయాన్ని సరిచేయాల్సింది దేశం. అంతవరకు ఆ పిల్లను నిందించే హక్కు ఏ సంఘ పెద్దకూ లేదు.

విడాకులైనవాళ్లూ వస్తారు. భార్యకు విడాకులు కావాలంటే భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు, దానితో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో లాంటిది కూడా రుజువు చేయాలని 1869 నాటి చట్టం అనేది. 2001లో ఆ వివక్ష పోయి, పరస్పర అంగీకారంతో విడాకులకూ దారి ఏర్పడింది. సంఘం ఇచ్చే రద్దు పత్రం కోర్టు తీర్పుకు బదులు కాదని సుప్రీంకోర్టు 2017లో మరోసారి స్పష్టం చేసింది. కాబట్టి డిక్రీ చూడకుండా రెండో పెళ్లి లేఖ మీద నన్ను వేయకూడదు. డిక్రీ చూశాక మాత్రం వచ్చినవాళ్ల గాయాన్ని నలుగురిలో కెలకాల్సిన పని లేదు.

సంఘ పెద్దలకు నా మనవి ఇది. అమ్మాయిని విడిగా అడగండి, అబ్బాయినీ విడిగానే అడగండి. చందా లెక్కను పెళ్లి లేఖకు ముడిపెట్టకండి. ఏ రోజుకు జవాబిస్తారో దరఖాస్తు తీసుకున్న రోజే చెప్పండి. కాదనాల్సి వస్తే కారణం కాగితం మీద రాసి, బిషప్ గారికి మొరపెట్టుకునే దారి చూపండి. కమిటీలో ఆడవాళ్లను కూర్చోబెట్టండి. 2013లో నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత గారు సీఎస్‌ఐ తొలి మహిళా బిషప్ అయ్యారు. మన సీమలోనే బిషప్ పీఠం మీద స్త్రీ కూర్చున్నాక, పెళ్లి లేఖ తేల్చే బల్ల దగ్గర ఆడమనిషికి చోటు లేదనడానికి కారణమేముంది?

పెళ్లి చేసుకోబోయే పిల్లలకూ ఒక మాట. బాప్తిస్మ పత్రం, వయసు పత్రం ముందే వెతికి పెట్టుకోండి. ఊరు మారితే బదిలీ ఉత్తరం తీసుకెళ్లండి. మండపం కన్నా ముందు అయ్యగారిని కలవండి. గదిలో ఒంటరిగా అడిగినప్పుడు నిజం చెప్పండి. మీరు చెప్పిన నిజాన్ని కాపాడటానికే సంఘం నన్ను చేయించుకుంది.