మా ఛాతీ ఏ తరగతిలోకి వస్తుందో సెలవివ్వండి

ట్రేడ్ మార్కుల రిజిస్ట్రార్ గారి దివ్యసముఖానికి,
గిండీ, చెన్నై.

ఖమ్మం జిల్లా కుసుమంచి నుంచి చొక్కా తొడుక్కునేవాడొకడు రాసుకునే విన్నపం.

అయ్యా,

తెలంగాణ వ్యవహారాలు కూడా మీ చెన్నై ఆఫీసు కిందికే వస్తాయి గనక తమకే మొర పెట్టుకుంటున్నాను. మీ పద్దులో సరుకులకూ సేవలకూ కలిపి 45 తరగతులున్నాయి. 25వది దుస్తులు, చెప్పులు, టోపీలు. 35వది ప్రకటనలు. ఛాతీ మీద గుర్రమో, మొసలో, బారెడు అక్షరాలో ఉన్న టీషర్టును తమరు 25లో ఎందుకు ఉంచారో నా బుర్రకు అందటం లేదు. అది నడిచే గోడ. గోడ మీద రాతలన్నీ 35 కదా?

మా వైపు పంట మిర్చి, పత్తి. సీజను ముందర విత్తనాలవాళ్లూ పురుగుమందులవాళ్లూ రైతులకు మీటింగు పెడతారు. భోజనం పెట్టి, పోయేటప్పుడు ఒక టోపీ, ఒక టీషర్టు చేతిలో పెడతారు. వీపు నిండా మందు పేరే. రెండు ఉతుకులకు మెడ సాగిపోతుంది గానీ పేరు మాత్రం చెక్కుచెదరదు. మా బాబాయి పొలానికి ఆ బనీనే వేసుకుపోతాడు. మొన్న పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన మనవడి టీషర్టు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి అడిగాడు:

"ఎంత పెట్టి కొన్నావురా?"

"రెండు వేల ఎనిమిదొందలు, తాతా."

"వాడి పేరు మోసేది నువ్వు, డబ్బులిచ్చేది కూడా నువ్వేనా? నాకు పేరు మోసినందుకు బిర్యానీ కూడా పెట్టారు."

అర్థశాస్త్రం ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పినా నేను వినలేదు. క్రికెట్ జట్టు చొక్కా మీద పేరు వేయించుకోవాలంటే స్పాన్సరు బోర్డుకు కోట్లు కట్టాలి. 2025 ఆసియా కప్‌కి ముందు స్పాన్సరు తప్పుకుంటే మనవాళ్లు ఏ స్పాన్సరు పేరూ లేని చొక్కాలతోనే ఆడారు, కప్పు కూడా గెలిచారు. పేరు లేకపోతే బంతి బ్యాటుకు తగలదనుకున్నవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఇక మొసలి సంగతి. రెనె లకోస్త్ అనే ఫ్రెంచి టెన్నిస్ ఆటగాణ్ణి 1920ల్లో మొసలి అని పిలిచేవారు. ఆయన సరదాగా ఆ బొమ్మను కోటు మీద కుట్టించుకున్నాడు. 1933లో చొక్కాల కంపెనీ పెట్టి అందరి ఛాతీల మీదా కుట్టడం మొదలుపెట్టాడు. తన ముద్దుపేరు తను వేసుకోవడం బాగానే ఉంది, మధ్యలో మేమెందుకు? ఆ కంపెనీ మొసలి కుడివైపు చూస్తుంది, సింగపూర్ కంపెనీ మొసలి ఎడమవైపు. అద్దంలో చూసినట్టున్న ఈ రెండు మొసళ్ల తగాదా మన ఢిల్లీ హైకోర్టులో 2001లో మొదలై, 2024 ఆగస్టులో ఫ్రెంచి మొసలి వైపు తీర్పు వచ్చింది. సూర్యాపేట రోడ్డు పక్కన తాడు కట్టి వేలాడదీసే రెండొందల టీషర్టుల మీద మొసలి ఎటు చూడాలో మిషను మీద కూర్చున్నవాడి ఇష్టం. కిన్నెరసానిలో అసలు మొసళ్లే ఉన్నాయి. అవీ అంతే, ఎటు బుద్ధి పుడితే అటు చూస్తాయి.

ఆ రెండొందల చొక్కా దొంగదని అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు, చూసేవాడికీ తెలుసు. మోసపోయినవాడు ఎవడూ లేని దొంగతనం ఇది. మీ 1999 చట్టం 103, 104 సెక్షన్ల కింద దొంగగుర్తు వేసినవాడికీ అమ్మినవాడికీ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. తొడుక్కున్నవాడి ఊసే లేదు. జైలు లేనందుకు సంతోషమే. జీతం కూడా లేదు, అదీ బాధ.

పేరు చూపించుకోవడం తప్పని నా వాదన కాదు. కాకతీయులకూ వరాహ లాంఛనం ఉండేది. కానీ మా ఊరి గణపేశ్వరాలయం ముందు నిలబడితే ఆ వరాహం కోసం ఎవరూ వెతకరు, పనితనమే చెబుతుంది ఎవరి కాలందో. మా అమ్మ కూడా పెళ్లిలో నాలుగు బారల దూరం నుంచే ఇది గద్వాల, ఇది నారాయణపేట అని చెప్పేసేది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు అతికిన తీరే దాని చిరునామా. పోచంపల్లి అయితే మరీను. నూలును ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గమెక్కిస్తారు. పోగు జరిగితే పువ్వు చెదిరిపోతుంది, తర్వాత దిద్దే వీలుండదు. ఒళ్లంతా నేతగాడి గుర్తే, అయినా ఎక్కడా పేరుండదు.

ఆ పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు ఇచ్చిన ఆఫీసు కూడా మీ గిండీలోనే ఉంది. 2006లో కేంద్రం తెచ్చిన చేనేత గుర్తు కూడా ఉంది, చిన్న లేబులు. కట్టుకునే ముందు దాన్ని కత్తిరించి పారేస్తాం, గుచ్చుకుంటుందని. కంపెనీ గుర్తేమో దారంతో కుట్టి, పీకితే చొక్కా చిరిగేటట్టు పెడతారు.

కనుక తమరు దయతలచి, అరచేతిని మించిన లోగో ఉన్న ప్రతి చొక్కానూ 25 నుంచి 35కు మార్చవలసింది. అద్దె ఎంతో ఆ కంపెనీలనే తేల్చమనండి, మా బాబాయి లెక్కన బిర్యానీ కన్నా తక్కువ ఒప్పుకోం. ఈలోగా నా ఛాతీని నా పేరనే రిజిస్టరు చేయించుకుందామనుకుంటున్నాను. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయలు ఫీజట, పెద్ద కంపెనీలకు 9,000. ఖాళీ ఛాతీని ఏ తరగతిలో రాయాలో ఒక్క ముక్క తెలియజేస్తే డబ్బు కట్టేస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కుసుమంచి.