హైకమిషనర్ గారూ, ఓడలు దీపావళికే రానివ్వండి

మపుటోలో కొత్తగా బాధ్యతలు చేపట్టబోయే భారత హైకమిషనర్ గారి సముఖానికి,

వికారాబాద్ జిల్లా తాండూరు పక్కన కంది వేసుకుని బతికేవాడొకడు నమస్కరించి రాసుకునేది.

మీరు మొజాంబిక్ వెళ్లగానే అధ్యక్షుల వారికి నియామక పత్రాలు అందిస్తారు, ఫొటో దిగుతారు, ఇరు దేశాల చిరకాల మైత్రిని బలోపేతం చేయడమే నా లక్ష్యమంటారు. మీ ముందువారూ అదే అన్నారు, మీ తర్వాతివారూ అదే అంటారు, తప్పేం లేదు. గ్యాస్, బొగ్గు, సముద్ర భద్రత గురించి మీ చెవిన వేసేవాళ్లు ఢిల్లీ నిండా ఉన్నారు. కందుల సంగతి చెప్పేవాళ్లే ఉండరేమోనని ఈ ఉత్తరం.

మా ఊరు మీకు తెలియకపోయినా మీ ఇంటి వరండాలో కాళ్ల కింద ఉన్నది మా నాపరాయే కావచ్చు. ఆ సున్నపురాయి సీమలోని నల్లరేగడిలోనే మా కంది పండుతుంది. ఈ మట్టిలో అట్టాపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఉందనీ, గింజలో దాదాపు 24 శాతం మాంసకృత్తులు ఉంటాయనీ చెప్పి యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు పెడితే, 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంబరపడ్డాం. కానీ యార్డులో ఖరీదుదారు ఆ కాగితం చూడడు, ముంబై రేటు చూస్తాడు. ముంబై రేటేమో మీరు వెళ్తున్న దేశంలోని నకాలా రేవు వైపు చూస్తూ ఉంటుంది.

పాత లెక్క ఒకటి గుర్తుచేస్తాను. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు ఎక్కింది, దేశమంతా గగ్గోలు. 2016 జూలైలో ప్రధాని మపుటో వెళ్లే వేళకు ఒప్పందం కుదిరింది: మొదటి ఏడు లక్ష టన్నులు, 2020-21 నాటికి రెండు లక్షలు. ఆ వానాకాలమే మాకు వానలు కలిసొచ్చాయి, రేటు చూసి ఊరూరా కందే వేశారు. పంట యార్డుకు చేరేసరికి మద్దతు ధర బోనస్‌తో కలిపి క్వింటాలుకు 5,050, బయట నాలుగు వేలకు అటూఇటూ. సర్కారు కంగారుపడి 2017 ఆగస్టులో దిగుమతులకు పరిమితి విధించింది. ఒప్పందం కింద వచ్చేవాటికి మినహాయింపు ఇచ్చినా, మొజాంబిక్‌లోని జాంబేజియా, నంపులా పల్లెల్లో ధర కుప్పకూలింది. అక్కడివాళ్లు కంది తినేది తక్కువ. మనం కొంటామన్న నమ్మకంతోనే ఎక్కువగా పండిస్తారు. ఆ ఏడు ఇక్కడి రైతూ మునిగాడు, అక్కడి రైతూ మునిగాడు. ఇలాంటి స్నేహాన్ని ఇంకా బలోపేతం చేస్తామంటే కాస్త భయమేస్తుంది సార్.

నిజానికి మాకూ వాళ్లకూ పోటీయే లేదు. మేం మిరుగం దాటాక విత్తి డిసెంబరు, జనవరిలో కోస్తాం. భూమధ్యరేఖకు అవతల ఉన్నవాళ్లు మా కాయ ముదిరే వేళకు విత్తి ఆగస్టు, సెప్టెంబరులో కోస్తారు. ఇక్కడ గోదాములు ఖాళీ అయి దసరా, దీపావళి గిరాకీ మొదలయ్యే సమయానికి అక్కడ సరుకు సిద్ధం. కాలం ఇంత పొందికగా అమర్చిపెట్టినదాన్ని మనమే చెడగొట్టుకున్నాం. అతి వెనుకబడిన దేశాల జాబితాలో ఉంది కాబట్టి మొజాంబిక్ కందికి సుంకం ఎలాగూ లేదు. అడ్డుగా ఉండింది పరిమితి ఒక్కటే. 2021 మేలో అదీ ఎత్తేశారు, ఆ సడలింపును గడువు దగ్గరపడగానే పొడిగిస్తూ వచ్చారు. ఏ నెలలో తెచ్చినా అడిగేవాడు లేనప్పుడు వ్యాపారికి తొందరేముంది? ఆ సరుకు మా కోతల వేళకే దిగినా దిగొచ్చు.

2023 చివర్లో ఎగుమతిదారుల తగాదా కోర్టుకెక్కి నకాలాలో కంటైనర్లు ఆగాయి. ఆ ఏడు దేశంలో పంట తక్కువ కావడంతో మా ధర నిలబడింది, సరిపోయింది. 2024-25లో అన్ని దేశాల నుంచీ కలిపి సుమారు 12 లక్షల టన్నులు దిగాయి. ఆ సంక్రాంతి దాటాక మద్దతు ధర 7,550 ఉంటే, చాలా యార్డుల్లో పలికింది అంతకు తక్కువే.

కాబట్టి మీ లక్ష్యాల పట్టికలో టన్నులు రాసేచోట నెలలు రాయండి. ఆగస్టు నుంచి నవంబరు దాకా తలుపులు బార్లా తెరవమనండి, డిసెంబరు నుంచి మార్చి దాకా ఓరగా వేయమనండి. ఆ నిర్ణయం మీ చేతిలో లేదని తెలుసు, ఢిల్లీకి ఉత్తరం రాసే కలం మాత్రం మీదే కదా. ఇంకొకటి. అక్టోబరు ముగిసేసరికి ఎండు తెగులు ఎంత, పురుగు ఎంత, మా పంట ఏపాటిదో తేలిపోతుంది. అప్పటికి జాంబేజియాలో ఇంకా విత్తనం పడదు. వచ్చే ఏడు ఇండియా ఎంత కొంటుందో అప్పుడే వాళ్ల భాషల్లో రేడియోలో చెప్పించండి. గొప్పకు పోయి ఎక్కువ చెప్పొద్దు. ఏ నెలలో ఎంత సరుకు ఓడ ఎక్కిందో తాండూరు, వికారాబాద్ యార్డుల బోర్డుల మీదికి కూడా రావాలి. ఇప్పుడది వ్యాపారుల వాట్సాప్‌లోనే తిరుగుతోంది.

ఎండు తెగులంటే గుర్తొచ్చింది, అది వాళ్లకూ ఉంది. మా పొరుగున పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ ఆ తెగులును తట్టుకునే వంగడాలను తూర్పు ఆఫ్రికాకూ ఇచ్చింది. ప్రతినిధి బృందమంటూ అక్కడి నుంచి ఎవరినైనా ఇటు పంపేటప్పుడు అందులో ఇద్దరు ముగ్గురు అక్కడి రైతుల్ని కలపండి. జనవరిలో వస్తే మా వ్యవసాయ పరిశోధన స్థానం చూపిస్తాం, వేలమూ చూపిస్తాం.

ఇట్లు,
తాండూరు కందిరైతు

తా.క.: మీ మొదటి విందులో మామిడికాయ పప్పు పెట్టించండి. అక్కడ నవంబరుకే మామిడికాయలు వస్తాయి. పప్పు మాత్రం మాది వద్దు, జాంబేజియా కందులతోనే వండించండి. మపుటో వాళ్లకు రుచి పట్టుబడితే, మనం కొనబోమన్న ఏడు ఆ రైతుకు ఇంకో గిరాకీ ఉంటుంది.