సెండు–రిటర్ను పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
గొంతు మార్చు పెడలు గుమ్మాన నిలబడు
మాట మరల చెప్పు మధ్యగదిని
సెండు వెంట వెడలి చేరు రిటర్నులో
తీగ మీటువాడ! తెలిసి కలుపు

టీక: తీగ మీటువాడ = ఓ గిటారిస్టూ; గొంతు మార్చు పెడలు = డిస్టార్షన్, వావా మొదలైనవి; గుమ్మాన = ఆంప్ ఇన్‌పుట్‌కు ముందు; మాట మరల చెప్పు = అన్నదే మళ్లీ అనే డిలే, రివర్బ్; మధ్యగదిని = ప్రీఆంప్‌కూ పవర్ ఆంప్‌కూ నడుమ; సెండు, రిటర్ను = ఆ నడుమ నుంచి స్వరం పెడళ్లకు వెళ్లే జాక్, తిరిగొచ్చే జాక్ (రెండూ కలిస్తే ఎఫెక్ట్స్ లూపు); తెలిసి = మాన్యువల్ చదివి, లేదా చివాట్లు తిని.

పాఠాంతరం: 'సెండు'కు బదులు 'చెండు' అని చదివి పూలబంతి అన్నవారున్నారు. రిటర్ను ఆదాయపు పన్నుదని మా బాబాయి వ్యాఖ్య. రెండూ గ్రాహ్యాలు కావు.

తాత్పర్యం: గరగర పుట్టాకే ప్రతిధ్వని పుట్టాలి. దేవరయాంజాల్‌లో ఓ రేకుల షెడ్డులో మేం డిలేని ఇన్‌పుట్‌కే తగిలించి ప్రీఆంప్ గెయిన్ పెంచాం. ప్రతి మారుమోతా కొత్త స్వరంతో కలిసి గరగరలో పడి ముద్దయింది. హకీంపేట నుంచి విమానం లేచిందేమో, పోనిద్దామని ఆగాం. మేం ఆగితే అదీ ఆగింది.

విశేషం: ఊళ్లో సీతారామస్వామి గుడి ఉంది కాబట్టి, కవి 'మధ్యగది' అన్నది అంతరాళాన్ని తలచుకునే అని మా నమ్మకం. ప్రీఆంప్ ముఖమండపం, పవర్ ఆంప్ గర్భాలయం. స్వరమంతా బయటికి వెళ్లి తిరిగొచ్చే లూపు సీరీస్. మూలవిరాట్టు కదలకుండా ఉత్సవమూర్తి మాత్రమే ఊరేగొచ్చేది ప్యారలల్. ఇందులో డిలే మిక్స్ పూర్తిగా ఎఫెక్ట్ వైపే తిప్పాలి. లేకుంటే ఊరేగింపుతోపాటు రెండో మూలవిరాట్టు కూడా దిగబడతాడు. వెనక ప్లస్ 4, మైనస్ 10 అనే స్విచ్ ఉంటే, నేలమీది పెడళ్లకు మైనస్ 10.

ఆక్షేపం: ఆంప్ క్లీన్‌గా పలికేదైతే? సమాధానం: 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 లాంటివాటిలో గరగర పెడల్‌దే కనుక, డిలేని దాని తర్వాత పెట్టి అన్నీ గుమ్మం ముందే వరుసకట్టినా దోషం లేదు. కవి ఈ ముక్క చెప్పకపోవడానికి కారణం గణాలు చాలకపోవడమే.

అనుబంధం: పెడళ్లేవీ లేకున్నా స్వరం నీరసించి తెగిపోతుంటే, రిటర్ను జాక్ లోపలి రేకుకు చిలుము పట్టిందేమో చూడాలి. సెండుకూ రిటర్నుకూ జానెడు కేబుల్ గుచ్చితే స్వరం లేచి కూర్చుంటుంది. రిపేరుకు ఇచ్చేదాకా అని మేం పెట్టిన ఆ జానెడు ముక్కకు వచ్చే నెలతో ఏడాది.