టూల్ సంగతి తర్వాత, ముందు సీఎస్‌డీ చూడండి

మా రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ మీద ప్రొడక్షన్ సీఐసీఎస్ రీజియన్‌లో ఒక్క ట్రాన్సాక్షన్ చేర్చాలన్నా కాగితం మీద మూడు సంతకాలు పడాలి. రాత్రి యూజర్లందరూ వెళ్లిపోయాక పచ్చ తెర ముందు కూచుని సెడా డిఫైన్, సెడా ఇన్‌స్టాల్ కమాండ్లు కొట్టి, ఆ ట్రాన్సాక్షన్ నాలుగక్షరాలూ టైపు చేసి, స్క్రీన్ వచ్చిందని చూసుకున్నాకే ఇంటికి. మాకంటే ముందువాళ్లది మరీ కష్టం. పీసీటీ, పీపీటీ అని మాక్రో టేబుళ్లు ఉండేవి. వాటిని మళ్లీ అసెంబుల్ చేసి, రీజియన్ దించి లేపాలి.

ఇప్పుడు సీఐసీఎస్ కాన్ఫిగరేషన్ మేనేజర్ అనే టూల్ వచ్చింది. చేంజ్ ప్యాకేజీ అందులోనే, అప్రూవల్ అందులోనే. టెస్టు నుంచి ప్రొడక్షన్‌కి పోయేటప్పుడు డేటాసెట్ పేర్లు రూలు ప్రకారం అదే మారుస్తుంది. ఎవరు ఏం మార్చారో జర్నల్లో ఉంటుంది. తేడా వస్తే వెనక్కి తీసుకోవచ్చు. చాలా మంచిది, మాకు ఆ రోజుల్లోనే ఉంటే బాగుండేది. నా బాధల్లా దాన్ని పెట్టే ముందు చేయాల్సిన పని ఎవరూ చేయకపోవడమే.

ఇప్పటి కుర్రాళ్ల లెక్కలో తయారీ అంటే టూల్ కోసం సర్వర్ రీజియన్ లేపడం, రీజియన్ స్టార్టప్ పారామీటర్లుండే సిట్‌లో టీసీపీఐపీకి ఎస్ పెట్టడం, పోర్టు తెరవడం, సెక్యూరిటీ చూసే ర్యాక్‌ఎఫ్‌లో ఐడీలు ఇప్పించడం. అవన్నీ మాన్యువల్ ముందు పెట్టుకుని ఎవరైనా చేస్తారు. అసలు తయారీ సీఎస్‌డీలో, అంటే ట్రాన్సాక్షన్ల, ప్రోగ్రాముల డెఫినిషన్లు గ్రూపులుగా ఉండే ఫైల్లో ఉంది, దాన్ని తెరిచి చూసేవాళ్లే లేరు.

మేం బ్యాచ్‌లో లిస్ట్ ఆల్ ఆబ్జెక్ట్స్ నడిపి, మడతల కాగితం బల్లంతా పరిచి, పెన్సిల్‌తో గ్రూపు గ్రూపూ చదివేవాళ్లం. ఒకే ప్రోగ్రామ్ రెండు గ్రూపుల్లో ఉండేది, ఒకదాంట్లో కోబాల్ అని, ఇంకోదాంట్లో అసెంబ్లర్ అని. రీజియన్ స్టార్టప్‌లో ఇన్‌స్టాల్ చేసే గ్రూపుల లిస్టులో ఏ గ్రూపు తర్వాత వస్తే దాని మాటే చెల్లుతుంది. అంటే లిస్టు వరస కూడా కాన్ఫిగరేషనే. మొన్న ఒకబ్బాయి ఆ గ్రూపుల్ని అక్షరక్రమంలో సర్దబోయాడు. “నీట్‌గా ఉంటుంది కదా సార్” అన్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇంకోటుంది. ఎప్పుడో అర్జెంటుగా సెడా ఇన్‌స్టాల్ కొట్టి, ఆ గ్రూపును లిస్టులో చేర్చకుండా వదిలేస్తారు. వార్మ్ స్టార్ట్ అయినన్నాళ్లూ గ్లోబల్ కేటలాగ్ దాన్ని మోసుకొస్తుంది. కోల్డ్ స్టార్ట్ చేసిన రోజు ఆ ట్రాన్సాక్షన్ ఉండదు, బ్రాంచీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. వైటూకే గిరాకీలో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లు కూడా ఈ రెండు స్టార్ట్‌లకీ తేడా గడగడా చెప్పేవాళ్లు. ఇప్పుడడిగితే టూల్ చూసుకుంటుందంటారు. టూల్‌కి సీఎస్‌డీలో ఏముందో తెలుస్తుంది గానీ, ఒకే ప్రోగ్రామ్‌కున్న రెండు డెఫినిషన్లలో ఏది సరైనదో ఎలా తెలుస్తుంది? పాత చెత్తంతా దాని చేతికిస్తే, అప్రూవల్ ముద్ర వేసి మరీ ప్రొడక్షన్‌కి చేరుస్తుంది.

అన్నిటికంటే ఒళ్లు మండేది సెడా విషయంలో. టూల్ పెడతారు, శిక్షణ ఇస్తారు, ప్రొడక్షన్‌లో సెడా మాత్రం పాతవాళ్లందరికీ తెరిచే ఉంచుతారు. అడిగితే “ఎమర్జెన్సీకి ఉండాలి కదా” అంటారు. అలా పక్కదారిన చేసిన మార్పు ప్యాకేజీలో ఉండదు, అప్రూవల్‌కీ రాదు. ఎమర్జెన్సీకి ఒక్క ఐడీ చాలు. దాన్ని ర్యాక్‌ఎఫ్‌లో విడిగా పెట్టి, వాడినప్పుడల్లా లాగ్ పడేలా చేసి, మిగతావాళ్లందరి సెడా మూసేశాకే టూల్ మొదలుపెట్టండి.