ఎడిషనాంతరే లోకాంతరమ్: టీకా తాత్పర్య సహితం

మూలం. ఎడిషనాంతరే లోకాంతరమ్ ॥

అవతారిక. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటకు నియమాలు మారినప్పుడల్లా అందులోని స్వర్గనరకాలు కూడా చోటు మారతాయని సూత్రార్థం. ఈ ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి పాచికలు వేస్తారు. సమాసం దుష్టమే. ప్రతిపదార్థం బడిపిల్లలకైనా తెలుస్తుంది కనుక విడిచిపెట్టడమైనది.

లోకసంస్థానం. మొదటి పటం గైగాక్స్‌దే. 1977లో డ్రాగన్ పత్రికలో ప్రకటించి, మరుసటి ఏడు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ చివర అనుబంధంగా చేర్చాడు. తరువాత దానికి గ్రేట్ వీల్, అంటే మహాచక్రం, అనే పేరు స్థిరపడింది. నడుమ మనుషుల లోకం. దానికి దగ్గరలో నిప్పు, నీరు, మట్టి, గాలి లోకాలు. వెలుపలి వలయంలో దేవతల, దయ్యాల నివాసాలు. ఈ ఆటలో మంచిచెడులనూ క్రమ అరాచకాలనూ కలిపి తొమ్మిది స్వభావాలుంటాయి. వలయంలో ఏ లోకం ఎక్కడుండాలో ఆ స్వభావాలే నిర్ణయిస్తాయి. 1987లో జెఫ్ గ్రబ్ రాసిన మాన్యువల్ ఆఫ్ ది ప్లేన్స్‌లో సందులు కూడా నిండిపోయాయి: మట్టికీ నిప్పుకీ మధ్య కరిగిన రాతి లోకం, ఆవిరికొకటి, బూడిదకొకటి, ఉప్పుకొకటి.

విశేషం. ఉప్పు ప్రస్తావన వచ్చాక సప్తసముద్రాలను దాటేసి పోవడం టీకాకారుడికి తగదు. అక్కర లేనిది చెప్పనని కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ ఒక్క ప్రకరణానికి దాన్ని పక్కన పెట్టడమైనది. పురాణాల భూమికి నడుమ మేరువు, చుట్టూ ఏడు ద్వీపాలు, వాటిని చుట్టి ఉప్పు, చెరకురసం, సుర, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీరు. ఒక్కో ద్వీపం దాని ముందుదానికి రెట్టింపు. విష్ణుపురాణం లెక్కలో ఈ భూమండలం విస్తారం 50 కోట్ల యోజనాలు. సూర్యసిద్ధాంతంలోనేమో భూమి గోళం, దాని వ్యాసం 1600 యోజనాలు. తేడా చిన్నది కాదు. లల్లుడు, భాస్కరాచార్యుడు పురాణాల లెక్కను కాదన్నారు. రెంటికీ విరోధం లేదని నిరూపించడానికి మరికొందరు పండితులు గ్రంథాలే రాశారు. శతాబ్దాల తరబడి వాదించుకున్నారు కానీ, కొత్త లెక్కకు చోటు కావాలని మేరువును ఎవరూ కూల్చలేదు. ఈనాటికీ సంకల్పంలో మేరువుకు దక్షిణాన ఉన్నామని చెప్పుకుంటూనే, గ్రహణం ఎప్పుడో గోళగణితంతో కట్టిన పంచాంగంలో చూసుకుంటారు. కథలు పొసగని చోట కల్పభేదం అనే ఉపాయం ఉండనే ఉంది. కల్పమంటే బ్రహ్మకు ఒక పగలు, 432 కోట్ల సంవత్సరాలు. ఈ ఆటలో మూడో ఎడిషన్‌కు 2003లో చేసిన సవరణకూ 2008 నాటి నాలుగో ఎడిషన్‌కూ నడుమ గడిచిన కల్పం అయిదేళ్లు.

ప్రళయ ప్రకరణం. ఎడ్ గ్రీన్‌వుడ్ సృష్టించిన ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే ప్రపంచం 1987లో ఈ ఆటలో చేరింది. 1989లో రెండో ఎడిషన్ వచ్చింది. అందులో అసాసిన్, అంటే కిరాయి హంతకుడి పాత్ర, తీసేశారు. తీసేశామని ఒక ముక్క రాస్తే సరిపోయేది. అలా చేయలేదు. దేవతలంతా భూమ్మీదికి తోసివేయబడ్డారని నవలలు రాయించి, బేన్ అనే దుష్టదేవత తన బలం కోసం ఆ ప్రపంచంలోని హంతకులందరినీ ఒక్కపెట్టున బలి తీసుకున్నట్టు కల్పించారు. అచ్చుపుస్తకంలో ఒక అధ్యాయం తగ్గితే ఒక వృత్తివారంతా చచ్చారు. మంత్రాల దేవత మిస్ట్రా కూడా అప్పుడే, అక్కడి లెక్కలో 1358లో, మరణించింది. ఒక మానవ మాంత్రికురాలు ఆమె పదవినీ పేరునూ తీసుకుంది.

మూడో ఎడిషన్ 2000లో వచ్చింది. మరుసటి ఏడు వెలువడిన ఫర్‌గాటెన్ రెల్మ్స్ గ్రంథంలో చక్రం లేదు, మహావృక్షం ఉంది. ఈసారి ప్రళయమూ లేదు, వివరణా లేదు. చెట్టు అనాదిగా అక్కడే ఉన్నట్టు రాశారు.

2008 నాటి నాలుగో ఎడిషన్‌లో తొమ్మిది స్వభావాలు అయిదయ్యాయి. చక్రానికి ఆధారమే పోయింది. పైన ఆస్ట్రల్ సముద్రం, కింద మూలభూతాల సంక్షోభం, మనుషుల లోకానికి ప్రతిబింబాలుగా ఫేవైల్డ్, షాడోఫెల్ అనే రెండు లోకాలు ఏర్పడ్డాయి. మాంత్రికులు మంత్రాలు వాడే నియమం కూడా మారింది కనుక మిస్ట్రా మళ్ళీ చావవలసి వచ్చింది. అక్కడి లెక్కలో 1385లో సిరిక్ అనే దేవుడు ఆమెను చంపాడు, మంత్రశక్తి అదుపు తప్పి లోకమంతా తగలబడింది, కథాకాలం దాదాపు శతాబ్దం ముందుకు దూకి 1479లో ఆగింది.

పూర్వపక్షం. కల్పిత లోకమే కదా, సృష్టించినవాడి ఇష్టం.

సిద్ధాంతం. కాదు. ఈ ఆటలో లోకాన్ని ప్రచురణకర్త సగమే సృష్టిస్తాడు. తక్కిన సగం బల్ల చుట్టూ కూర్చున్నవారు ఏళ్ల తరబడి కట్టుకుంటారు. వాళ్ళు పేరు పెట్టిన సత్రం యజమాని, అప్పు పడ్డ సేనాపతి, సగంలో ఆగిన పగ, అన్నీ ఆ శతాబ్దపు దూకుడుతో కాలగర్భంలో కలిశాయి. పాత పటం పెట్టుకుని ఆడుకోవచ్చన్న మాట నిజమే. కానీ కొత్తగా కొనే ప్రతి పుస్తకం వాళ్ళ ఊరు ఎప్పుడో పోయిందనే చెబుతుంది. నియమాలు మార్చుకోవడం తప్పు కాదు, కొన్ని మార్పులు అవసరం కూడా. అమ్మకానికి చేసిన సవరణకు దేవతల చావును సాక్ష్యం తెచ్చి, కొన్నవాడి ముందు గంభీరంగా నిలబడడమే భరించరానిది.

సమన్వయం. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో తొమ్మిది స్వభావాలూ చక్రమూ తిరిగి వచ్చాయి, మిస్ట్రా కూడా. ఫేవైల్డ్, షాడోఫెల్ మాత్రం పోలేదు. చక్రం, వృక్షం, సముద్రం అన్నీ పండితులు ఊహించుకున్న నమూనాలేనని ఆ ఎడిషన్ డంజన్ మాస్టర్స్ గైడ్ తేల్చింది. కల్పభేదం కన్నా తెలివైన పరిష్కారమే. హంతకులు చావక ముందే తోచి ఉంటే బాగుండేది.

1989లో ఇదే ఆటకు వచ్చిన స్పెల్‌జామర్ అనే అనుబంధంలో ఓడలు స్ఫటికగోళాల మధ్య మండే పదార్థంలో తిరిగేవి. 2022 నాటి పునఃప్రచురణలో గోళాలూ లేవు, ఆ పదార్థమూ లేదు. ఓడలు ఆస్ట్రల్ సముద్రంలో తేలుతున్నాయి. 2024లో నియమాలను మరోసారి సవరించారు. చక్రం అలాగే ఉంది. మిస్ట్రా బతికే ఉంది.